పాత మ్యాజిక్ కార్డుల్లో కథ ఎక్కడ ఉంది, నిబంధనలు ఎలా మారాయి

మీ ప్రశ్న సారాంశం ఇది. గాజువాకలో మీ బాబాయి గారు విదేశం నుంచి తెచ్చి దాచిన పెట్టెలో ‘మ్యాజిక్: ది గ్యాదరింగ్’ అనే ఆటకు చెందిన కార్డులు దొరికాయి. చాలావాటి అంచు తెల్లగా ఉంది. ఉర్జాస్ టవర్, యాష్నాడ్స్ ఆల్టర్, బెనాలిష్ హీరో, వింటర్ ఆర్బ్, డార్క్ రిచువల్ వంటి పేర్లు మీరు రాశారు. కార్డు మీద అచ్చయిన మాటలకూ, ఫోనులో వెతికితే వచ్చే మాటలకూ పొంతన కుదరడం లేదు. ఉర్జా, మిష్రా అన్న పేర్లు పదే పదే కనిపిస్తున్నాయి గానీ వాళ్ళెవరో ఎక్కడా రాసి లేదు. ఎంవీపీ కాలనీలోని స్నేహితులతో ఆడాలంటే ఏ నిబంధనలు పాటించాలో తెలియడం లేదు. సముద్రపు గాలికి కొన్ని కార్డులు వంపు తిరుగుతున్నాయని కూడా అన్నారు.

నేను ఈ ఆటను విశాఖలోనే నేర్చుకుని, చాలాకాలంగా కొత్తవారికి నేర్పుతున్నాను. అందరికీ మొదట చెప్పేదే మీకూ చెబుతాను: ఈ ఆటలో కార్డు ముందు పుట్టింది, కథ ఆ కార్డులోంచి తరువాత పెరిగింది. అందుచేత పాత కార్డు ఏం చేస్తుందో తెలియకుండా కథ చదివినా, కథ తెలియకుండా ఆ కార్డు ఆడినా సగమే దక్కుతుంది. ఆ కార్డు అచ్చయిన నాటి నిబంధనలు కూడా తెలిస్తేనే అది అలా ఎందుకు ఉందో బోధపడుతుంది.

ముందు మీ పెట్టెలో ఏమున్నదో తేల్చుకోండి, ఎందుకంటే ఇందులో డబ్బు విషయం కూడా ఉంది. రిచర్డ్ గార్ఫీల్డ్ రూపొందించిన ఈ ఆటను విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ 1993 ఆగస్టులో విడుదల చేసింది. ఆల్ఫా అని పిలిచే తొలి ముద్రణలో 295 కార్డులు నల్ల అంచుతో వచ్చాయి. తెల్ల అంచు ఆ ఏడాది చివర వచ్చిన అన్‌లిమిటెడ్‌తో మొదలై, 1994 నాటి రివైజ్డ్‌లో, 1995 నాటి ఫోర్త్ ఎడిషన్‌లో కొనసాగింది. రివైజ్డ్‌కూ ఫోర్త్‌కూ తేడా కార్డు అడుగున తెలుస్తుంది: చిత్రకారుని పేరు కింద 1995 అన్న కాపీరైట్ వరుస ఉంటే అది ఫోర్త్ ఎడిషన్, ఆ వరుస లేకపోతే దాదాపుగా రివైజ్డ్. ఈ తేడా చాలా ముఖ్యం. రెండు రంగుల మానా (కార్డులు ఆడటానికి ఖర్చయ్యే మంత్రశక్తి) ఇచ్చే పది డ్యూయల్ ల్యాండ్లు (భూమి కార్డులు), అంటే టండ్రా, అండర్‌గ్రౌండ్ సీ, ట్రాపికల్ ఐలాండ్ వంటివి, రివైజ్డ్‌లో ఉన్నాయి, ఫోర్త్‌లో లేవు. వాటిని మళ్ళీ అచ్చు వేయబోమని 1996లో ప్రకటించిన రిజర్వ్‌డ్ లిస్టులో అవి కూడా చేరాయి. తెల్ల అంచు కదా అని ఎవరికైనా ఊరికే ఇచ్చేసే ముందు ఆ పేర్లున్నాయేమో ఒకసారి చూడండి.

మీ ఉర్జాస్ టవర్ మీద తెల్ల అంచుతో పాటు కమ్మరి దాగలి గుర్తు ఉండి ఉండాలి. ఆ దాగలి 1994 మార్చిలో వచ్చిన యాంటిక్విటీస్ అనే సెట్‌కు (ఒకే పేరుతో కలిపి విడుదల చేసిన కార్డుల సమూహానికి) గుర్తు. 1995లో క్రానికల్స్ పేరుతో పాత కార్డులను తెల్ల అంచుతో తిరిగి అచ్చు వేసినప్పుడు ఆ గుర్తులను అలాగే ఉంచారు. యాష్నాడ్స్ ఆల్టర్ కూడా ఆ కోవలోనిదే కావచ్చు. వీటికి పెద్ద ధర రాకపోయినా, కథ విషయంలో మీ పెట్టెలో అసలు సంపద ఇదే.

ఇక కథ. ఆల్ఫాలోనే ‘యాంక్ ఆఫ్ మిష్రా’, ‘గ్లాసెస్ ఆఫ్ ఉర్జా’ అనే కార్డులున్నాయి. అప్పటికి ఆ పేర్ల వెనుక చెప్పుకోదగ్గ కథేమీ లేదు. యాంటిక్విటీస్ తయారుచేసినవారు ఆ రెండు పేర్లనూ తీసుకుని, పూర్తిగా యంత్రాల చుట్టూ తిరిగే సెట్‌ను అల్లి, ఒక మహాయుద్ధం ముగిసిపోయిన తరువాత దొరికిన శిథిలాల రూపంలో దానిని మన ముందుంచారు. అందులో ఎవరూ కూర్చుని కథ చెప్పరు. ఒక కార్డు అడుగున ఒక వాక్యం, మరో కార్డు పేరులో ఒక ఊరు, ఇంకో కార్డు పనిచేసే తీరులో ఒక మనిషి స్వభావం, ఇలా ముక్కలుగా దొరికినదాన్ని ఆటగాడే అతికించుకోవాలి. కొన్నేళ్ళ తరువాత వచ్చిన నవల ఆ ముక్కలన్నింటినీ పూసగుచ్చినట్టు ఒక వరుసలో పెట్టింది.

ఆ వరుస ఇది. డొమినేరియా అనే లోకంలో టెరిసియార్ అనే ఖండం. ఒకే ఏడాది తొలి రోజున ఉర్జా, చివరి రోజున మిష్రా పుట్టారు. ఆ లోకపు ఒక కాలమానం వాళ్ళు పుట్టిన ఏడాదినే సున్నాగా లెక్కిస్తుంది. టొకేసియా అనే పురావస్తు పరిశోధకురాలి దగ్గర శిష్యులుగా చేరి, థ్రాన్ అనే పూర్వజాతి వదిలిన యంత్రాలను ఎడారిలో తవ్వితీశారు. కోయిలాస్ గుహలో దొరికిన ఒక శక్తిశిల రెండుగా పగిలి, మైట్‌స్టోన్ అన్నకు, వీక్‌స్టోన్ తమ్ముడికి దక్కింది. అక్కడే పగకు బీజం పడింది. గుహ దగ్గర పుట్టిన అపార్థంతో అన్నదమ్ములు వైరులైన వాలి సుగ్రీవుల కథ విని పెరిగిన మనకు ఈ ఘట్టం వెంటనే మనసుకెక్కుతుంది. రాళ్ళ కోసం ఇద్దరూ తలపడినప్పుడు టొకేసియా చనిపోయింది. ఉర్జా యోషియా రాజకుమారి కైలాను పెళ్ళాడి అక్కడ యంత్రసైన్యం నిర్మించాడు. మిష్రా ఫలాజీ తెగల మధ్య బానిసగా మొదలై వాళ్ళ నాయకుడయ్యాడు. ఉర్జాకు టానోస్ సహాయకుడు, మిష్రాకు యాష్నాడ్ సహాయకురాలు. కోయిలాస్ గుహలోని ద్వారం అవతల ఫైరెక్సియా అనే యంత్రనరకం ఉంది. దాని దూత గిక్స్ మెల్లగా ఈ యుద్ధంలోకి చొరబడ్డాడు. చివరకు పచ్చని ఆర్గాథ్ ద్వీపాన్ని ఇద్దరూ ముడిసరుకు కోసం నరికి పీల్చేశారు. తన తమ్ముడి చర్మం కింద ఉన్నది మనిషి కాదు, ఫైరెక్సియా యంత్రమని చూసిన ఉర్జా, గోల్గోథియన్ సైలెక్స్ అనే పాత్రను వాడి అంతా పేల్చేశాడు.

ఇప్పుడు మీ చేతిలోని కార్డుల దగ్గరకు రండి. యాష్నాడ్స్ ఆల్టర్ మీ క్రీచర్‌ను (పోరాడే ప్రాణి కార్డును) బలిగా తీసుకుని రెండు మానా ఇస్తుంది. ప్రాణిని ఇంధనంగా చూసే మనిషి యాష్నాడ్ అని చెప్పడానికి అంతకంటే మాటలు అక్కర్లేదు. ఆమె పేరుతోనే ఉన్న ట్రాన్స్‌మోగ్రెంట్ అనే కార్డు ప్రాణం ఉన్న క్రీచర్‌కు బలం పెంచి, దానినే యంత్రంగా మార్చేస్తుంది. ఉర్జా పేరున్న మైన్, పవర్ ప్లాంట్, టవర్ అనే మూడు ల్యాండ్లు విడివిడిగా ఒక్కో మానా ఇస్తాయి. మూడూ ఒకచోట చేరితే గని రెండు, పవర్ ప్లాంట్ రెండు, టవర్ మూడు, మొత్తం ఏడు మానా ఇస్తాయి. విడి భాగాలను పేర్చి వ్యవస్థగా కట్టడమే ఉర్జా బుద్ధి. మిష్రాస్ ఫ్యాక్టరీ అలా కాదు. ఆ ల్యాండ్ తానే లేచి 2/2 యంత్రంగా (మొదటి అంకె అది కొట్టే దెబ్బ, రెండోది అది తట్టుకునే దెబ్బ) యుద్ధానికి వెళుతుంది. ఆర్గాథ్ పక్షం పచ్చ రంగులో ఉంటుంది. ఎదుటివాడి దగ్గర ఉన్న యంత్రాలు ఎన్నో లెక్కపెట్టి, దానికి ఒకటి కలిపితే గేయాస్ అవెంజర్ బలం వస్తుంది. యంత్రాలు పెరిగిన కొద్దీ అడవి ఆగ్రహం పెరుగుతుందన్నమాట.

నాకు వీటన్నిటిలో టానోస్ కాఫిన్ మీద ప్రత్యేకమైన గౌరవం. ఆ పెట్టె ఒక క్రీచర్‌ను ఆట నుంచి తప్పించి, దాని మీదున్న కౌంటర్లూ (గుర్తు బిళ్ళలూ) ఎన్‌చాంట్‌మెంట్లూ (తగిలించిన మంత్రాలూ) చెక్కుచెదరకుండా దాచి, పెట్టె అన్‌ట్యాప్ అయినప్పుడు, అంటే వాడినందుకు పక్కకు తిప్పిన (ట్యాప్ చేసిన) కార్డును మళ్ళీ నిటారుగా తిప్పినప్పుడు, వాటితో సహా తిరిగి ఇస్తుంది. కథలో సైలెక్స్ విస్ఫోటం నుంచి టానోస్ బతికి బయటపడింది అటువంటి పెట్టెలో దాగే. కార్డు 1994లో వచ్చింది, నవల 1998లో వచ్చింది. రచయిత కార్డు చేసే పనినే ఘట్టంగా మలిచారు.

గోల్గోథియన్ సైలెక్స్ కార్డు మరింత విచిత్రం. నాలుగు మానాతో దానిని దించి, ఒక మానా చెల్లించి ట్యాప్ చేస్తే, బల్ల మీద ఉన్న యాంటిక్విటీస్ కార్డులన్నీ పోతాయి. ఆ కార్డు కూడా అదే సెట్‌లోనిది కనుక తనతో పాటే పోతుంది. ఒక యుగాన్ని తుడిచిపెట్టిన ఆయుధం ఆ యుగాన్ని చెప్పిన సెట్‌నే తుడిచిపెట్టడం కంటే సూటిగా కథ చెప్పగలిగిన నిబంధన నాకు తెలియదు. నేటి అధికారిక పాఠం ప్రకారం పేరు మొదట ఏ సెట్‌లో అచ్చయిందన్నదే లెక్క కాబట్టి, మీ క్రానికల్స్ టవర్, దాగలి గుర్తే లేని ఫోర్త్ ఎడిషన్ ఫ్యాక్టరీ, రెండూ సైలెక్స్ దెబ్బకు పోవలసిందే. సెట్ పేరునే లక్ష్యం చేసుకునే కార్డులు ఇంకా రెండున్నాయి, అరేబియన్ నైట్స్‌కు సిటీ ఇన్ ఎ బాటిల్, హోమ్‌ల్యాండ్స్‌కు అపోకలిప్స్ చైమ్. ఆ తరువాత ఆ పద్ధతిని విడిచిపెట్టారు.

అచ్చుకూ ఫోనుకూ పొంతన లేకపోవడానికి కారణం చాలా సులువైనది. ప్రతి కార్డుకూ ఒరాకిల్ అనే అధికారిక పాఠం ఉంది. కార్డు ఎప్పుడు అచ్చయినా, ఏ మాటలు అచ్చయినా, నేడు ఆటలో చెల్లేది ఒరాకిల్ పాఠమే. ఆ మార్పుల్లో అతి పెద్దది 1999లో సిక్స్త్ ఎడిషన్‌తో వచ్చింది. మీ డార్క్ రిచువల్ మీద ఇంటరప్ట్ అని ఉంది కదా, అప్పట్లో ఇన్‌స్టంట్ (ఎదుటివాడి వంతులో కూడా వేయగల మంత్రం) కంటే వేగమైన రకం అది. ఇంటరప్ట్‌కు మరో ఇంటరప్ట్‌తోనే బదులివ్వగలరు. అదే కార్డును కొన్ని సెట్లలో మానా సోర్స్ అనే మరో రకంగా అచ్చు వేశారు. సిక్స్త్ ఎడిషన్ ఈ తరగతులన్నిటినీ ఇన్‌స్టంట్‌లో కలిపి, చివర వేసినది ముందు పనిచేసే స్టాక్ పద్ధతిని తెచ్చింది. ఈ మార్పు ఆటకు మేలే చేసిందని నా అభిప్రాయం.

అయితే ఆ మార్పులో కొన్ని కార్డుల ప్రాణం పోయింది. పాత నిబంధనల్లో లైఫ్ (ఆటగాడి ప్రాణాల లెక్క) సున్నా అయిన వెంటనే ఆటగాడు ఓడడు. టర్న్ (ఆటగాడి వంతు) కొన్ని దశలుగా నడుస్తుంది; ఆ దశ ముగిసేసరికి సున్నా దగ్గర ఉంటేనే ఓడతాడు. లెజెండ్స్ సెట్‌లోని మిర్రర్ యూనివర్స్ అనే కార్డు మీ అప్‌కీప్‌లో (టర్న్ మొదట్లో వచ్చే దశలో) ఇద్దరి లైఫ్‌నూ తారుమారు చేస్తుంది. పూర్వం అనుభవజ్ఞులు అప్‌కీప్‌లోనే సిటీ ఆఫ్ బ్రాస్ వంటి ల్యాండ్లను ట్యాప్ చేస్తూ, ఒక్కొక్క దెబ్బే తిని, తమ లైఫ్‌ను సున్నాకు దించుకుని, ఆ దశ ముగిసేలోగా అద్దాన్ని వాడేవారు. సున్నా ఎదుటివాడి చేతికి వెళ్ళేది, దశ ముగిసేది, వాడు ఓడేవాడు. ఇప్పుడు సున్నా తాకిన క్షణంలోనే మీరు ఓడిపోతారు కాబట్టి ఈ ఎత్తు సాధ్యం కాదు.

వింటర్ ఆర్బ్ సంగతి కూడా అటువంటిదే. అది ఉండగా ఒక్కొక్కరు తమ టర్న్‌లో ఒక్క ల్యాండ్ మాత్రమే అన్‌ట్యాప్ చేసుకోగలరు. కానీ పాత నిబంధనల్లో ట్యాప్ అయిన ఆర్టిఫాక్ట్ (యంత్రం లేదా వస్తువు కార్డు) పనిచేయడం మానేస్తుంది. ఐసీ మానిప్యులేటర్ అనే కార్డుతో ఎదుటివాడి టర్న్ చివర మీ ఆర్బ్‌ను మీరే ట్యాప్ చేస్తే, మీ టర్న్‌లో మీ ల్యాండ్లన్నీ లేస్తాయి, వాటితో పాటే ఆర్బ్ కూడా లేచి మళ్ళీ ఎదుటివాడిని బిగిస్తుంది. సాధారణ నిబంధన పోయినా, నేటి ఒరాకిల్ పాఠంలో ఈ కార్డుకు ‘అన్‌ట్యాప్ అయి ఉన్నంతవరకు’ అనే షరతు ఉంది కనుక ఈ ఎత్తు ఇప్పటికీ పారుతుంది.

మానా బర్న్ 2009 వరకు బతికింది. తీసుకున్న మానాను వాడకపోతే, దశ ముగిసేసరికి మిగిలిన ప్రతి మానాకూ ఒక లైఫ్ పోయేది. భూమి నుంచి శక్తిని లాగి, వినియోగించలేని మాంత్రికుడిని ఆ శక్తే కాలుస్తుందన్నది దాని భావం. దీన్ని తీసేసినందువల్ల దెబ్బతిన్న కార్డు పవర్ సర్జ్. టర్న్ మొదట్లో ట్యాప్ కాకుండా ఉన్న మీ ల్యాండ్లకు ఒక్కొక్కటి చొప్పున అది మిమ్మల్ని కొడుతుంది. నాడు ఆ దెబ్బ తప్పించుకోవడానికి ఎదుటివాడి టర్న్‌లో ల్యాండ్లను ఊరికే ట్యాప్ చేస్తే మానా బర్న్ కాల్చేది, అంటే ముందు నుయ్యి, వెనుక గొయ్యి. నేడు ఊరికే ట్యాప్ చేసి కూర్చుంటే సరిపోతుంది. ఆ కార్డుకు పదును పోయింది.

మీరు అన్నిటికంటే ఎక్కువగా అడిగినది బెనాలిష్ హీరో మీద ఉన్న బ్యాండింగ్ (జట్టు కట్టే గుణం) గురించి. కష్టమైన నిబంధన అన్న పేరు దానికి ఉంది, కానీ ఒక ఉదాహరణతో చాలావరకు తేలిపోతుంది. మీ దగ్గర 1/1 బెనాలిష్ హీరో, ఎగిరే 4/4 సెరా ఏంజెల్ ఉన్నాయి. రెండింటినీ ఒక జట్టుగా దాడికి పంపుతారు. జట్టులో బ్యాండింగ్ ఉన్నవి ఎన్నైనా ఉండవచ్చు, లేనిది ఒక్కటే ఉండవచ్చు. ఎదుటివాడి 6/4 క్రా వర్మ్ హీరోను అడ్డుకుంటుంది. జట్టులో ఒకరిని అడ్డుకుంటే అందరినీ అడ్డుకున్నట్టే కనుక, ఎగిరే ఏంజెల్ కూడా అడ్డుకోబడినట్టే లెక్క. మామూలుగా వర్మ్ ఇచ్చే ఆరు దెబ్బలు ఎవరికి పోవాలో దాని యజమాని నిర్ణయించాలి. బ్యాండింగ్ ఉంది కనుక మీరు నిర్ణయిస్తారు. ఆరూ హీరో మీదే వేస్తారు. హీరో చనిపోతాడు, ఏంజెల్‌కు గీత కూడా పడదు, ఏంజెల్ ఇచ్చిన నాలుగు దెబ్బలకు వర్మ్ చనిపోతుంది. మీరు అడ్డుకునే పక్షంలో ఉన్నప్పుడు, ఒక దాడి క్రీచర్‌ను అడ్డుకున్నవాటిలో ఒక్కదానికి బ్యాండింగ్ ఉన్నా చాలు, ఆ క్రీచర్ దెబ్బలను పంచే అధికారం మీదే అవుతుంది.

బెనాలియా అనే ఆ దేశంలో కులవ్యవస్థ చంద్రుని గమనంతో పాటు మారుతుందని, హీరో అనే స్థానం మాత్రం పుట్టుకతోనూ డబ్బుతోనూ రాదని కార్డు అడుగున భావం ఉంది. ఆ హీరో చేసే పని ఆటలో ఏమిటో ఇప్పుడే చూశారు: తన పక్కవాడి దెబ్బ తాను తింటాడు. కొత్తగా ఈ గుణంతో కార్డులు వేయడం 1997లో వెదర్‌లైట్ సెట్‌తో ఆగిపోయింది. జట్టుగా నిలబడటం అనే భావాన్ని ఇంత బాగా చెప్పిన ఆట నిబంధన తరువాత రాలేదని నేను గట్టిగా నమ్ముతాను. నియమం పొడవైనంత మాత్రాన దాన్ని తప్పు పట్టడం న్యాయం కాదు.

మీ పెట్టెలో ఐస్ ఏజ్ కార్డులు కూడా ఉంటే, సైలెక్స్ విస్ఫోటం తరువాత జరిగినది వాటిలో ఉంది. వాతావరణం చెడి, 1994లో వచ్చిన ది డార్క్ సెట్‌లోని చీకటి కాలం దాటి, లోకం మంచుయుగంలో పడింది. అన్నదమ్ముల కాలమానం ప్రకారం 2934లో ఫ్రెయలీస్ అనే ప్లేన్స్‌వాకర్ (లోకాల మధ్య తిరగగల మాంత్రికురాలు) వేసిన మంత్రంతో అది ముగిసింది. 1995 నాటి ఆ సెట్‌లోని క్యుములేటివ్ అప్‌కీప్ అనే నిబంధన ప్రతి టర్న్‌కూ కార్డు ఖర్చును పెంచుకుంటూ పోతుంది. గ్లేసియల్ కాజమ్ అనే ల్యాండ్ చూడండి. దానిలో దాగితే మీకు ఏ దెబ్బా తగలదు, కానీ మీ క్రీచర్లు దాడి చేయలేవు, మొదటి అప్‌కీప్‌లో రెండు లైఫ్, తరువాత నాలుగు, ఆరు, ఎనిమిది చెల్లించాలి. నాలుగో విడతకు మొత్తం 20, అంటే మొదలుపెట్టిన లైఫ్ అంతా. మంచులో తలదాచుకున్నవాడి ఆయువు ఎంతకాలమో ఆ అంకెలే చెబుతాయి.

ఇక ఏ నిబంధనలతో ఆడాలి? బయట ఎవరితోనైనా ఆడేటప్పుడు నేటి నిబంధనలు, ఒరాకిల్ పాఠమే పాటించండి; వాదనలుండవు. మీ స్నేహితుల మధ్య మాత్రం, 1993, 1994 కార్డులతో ఆడే ఓల్డ్ స్కూల్ పద్ధతిలో కొన్నిచోట్ల చేసినట్టే, నేటి నిబంధనలకు మానా బర్న్ ఒక్కటి కలిపి ఆడమని నా సలహా. స్టాక్‌ను అలాగే ఉంచండి. ఇంటరప్ట్‌లనూ పాత దశలనూ తిరిగి తెస్తే ఆట వాదనలతోనే గడిచిపోతుంది. ఆంటె జోలికి మాత్రం వెళ్ళకండి. 1993 నాటి నిబంధనల్లో ఇద్దరూ ఒక్కో కార్డు పందెం కాయడం, గెలిచినవాడు రెండూ తీసుకోవడం ఉండేది, దానికి సంబంధించిన తొమ్మిది కార్డులను అధికారిక ఆటలన్నిటిలోనూ నిషేధించారు. అటువంటి కార్డు కనబడితే విడిగా దాచండి.

వంపు సంగతికి వస్తే, మన ఊరి తేమే దానికి కారణం. బీచ్ రోడ్డుకు దగ్గరి ఇళ్ళలో మరీ ఎక్కువ. కార్డు రెండు వైపులా తేమ సమానంగా పీల్చుకోదు కాబట్టి వంగుతుంది. దాన్ని సరిచేయడానికి ఇస్త్రీ పెట్టె, ఎండ రెండూ వాడవద్దు. ఒక్కొక్క కార్డునూ మెత్తని ప్లాస్టిక్ స్లీవ్‌లో పెట్టి, గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పాటు నిలువుగా, మరీ వదులు కాకుండా, మరీ బిగుతు కాకుండా అమర్చండి. వానాకాలం మొదలయ్యే ముందు, నవంబరు తుపానుల తరువాత పొట్లాలు మార్చండి. రబ్బరు బ్యాండు మాత్రం ఎప్పుడూ వేయకండి, అది అంచును కోస్తుంది, వేడికి కరిగి అంటుకుంటుంది. డ్యూయల్ ల్యాండ్లేమైనా బయటపడితే వాటి రెండు వైపుల ఫొటోలు ఇక్కడ పెట్టండి, ముద్రణ ఏదో చూసి చెబుతాను.